రాజపాళయం కుక్కను జత కట్టించుటకు ముందు

తమిళనాడుకు చెందిన రాజపాళయం కుక్క పూర్వము వేటకు పేరుపొందినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేడు అడవిజంతువుల వేట నేరము. కావున రైతులు దీనిని ఇంటికి, తోటకు కాపలాగా పెంచుచున్నారు.

ఈ తెల్లని జాతిలో కొన్ని పిల్లలకు పుట్టుచెవుడు వచ్చును. లోచెవిలో రంగుకణములు లోపించినచో, పుట్టిన కొద్దివారములలోనే వినికిడి కణములు నశించును. దీనికి చికిత్స లేదు.

రెండు చెవులు వినపడని కుక్కను గుర్తించుట తేలిక. ఒక చెవి మాత్రమే వినపడనిది చక్కగా కాపలా కాయును; కాని ఆ లోపము దాని సంతతికి సంక్రమింపవచ్చును. చప్పట్లు కొట్టి చూచుట చాలదు. శబ్దమునకు మెదడు స్పందించుటను కొలుచు యంత్రముతో ఒక్కొక్క చెవిని విడిగా పరీక్షింపవలెను. దీనిని గూర్చి పశువైద్యుని అడుగుడు.

జత కట్టించుటకు ముందు రైతులు గమనింపవలసినవి:

1. ఆడకుక్కను మొదటి ఎదలో జత కట్టింపరాదు. రెండేండ్లు నిండువరకు ఆగుట మేలు.
2. తల్లి, తండ్రి, తోబుట్టువులలో చెవుడు కలదేమో విచారింపవలెను.
3. పిచ్చికుక్క వ్యాధి టీకా, నట్టల మందు ముందుగానే వేయింపవలెను. చూలు సుమారు 63 రోజులు.
4. చెవిటి పిల్లలను ఈనిన జంటను మరల కలుపరాదు.

లోపమున్న కుక్క ఎంత చురుకైనదైనను కాపలాకే ఉంచుకొనుడు, సంతతికి వాడకుడు.