ఆకాశంలో చక్రవర్తి కొలువు

పిల్లలూ! సప్తర్షి మండలం మీకందరికీ తెలుసు. మన పెద్దలు ఆ చుక్కల్లో ఏడుగురు ఋషులను చూశారు. ప్రాచీన చైనీయులు అవే చుక్కలను చూసి చక్రవర్తి ఎక్కి తిరిగే రథం అన్నారు. క్రీ.పూ. 100 ప్రాంతంలో సీమా చియెన్ అనే చరిత్రకారుడు రాసిన గొప్ప చరిత్ర గ్రంథంలో ఈ మాట ఉంది. అందులో నక్షత్రాలను గురించిన అధ్యాయానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం 'ఆకాశంలోని కొలువులు' అని.

చైనీయుల ఆలోచన ఇలా సాగింది. చుక్కలన్నీ రాత్రంతా ధ్రువస్థానం చుట్టూ తిరుగుతాయి. ధ్రువస్థానం మాత్రం కదలదు. రాజ్యంలో చక్రవర్తి స్థానమూ అటువంటిదే కదా! అందుచేత ధ్రువ ప్రాంతం ఆయన అంతఃపురమైంది. దాని చుట్టూ చుక్కలతోనే ఒక ప్రాకారం కట్టారు. లోపల చక్రవర్తి, యువరాజు, మంత్రులు. ఆ కాలంలో నేటి ధ్రువ నక్షత్రం ధ్రువస్థానానికి దూరంగా ఉండేది. భూమి అక్షం బొంగరం తలలా మెల్లగా ఊగుతుంది గనుక ఈ స్థానం మారుతూ ఉంటుంది. అప్పట్లో కొచాబ్ అనే నక్షత్రానికి 'చక్రవర్తి' అని పేరు పెట్టారు.

ఆకాశంలో ఇంకా సంత ఉంది, ధాన్యపు కొట్లు ఉన్నాయి, చెరసాల ఉంది. ఓరియన్ మండలానికి కింద మరుగుదొడ్డి కూడా ఉంది! నవ్వకండి, రాజధాని అన్నాక అన్నీ ఉండాలి. క్రీ.శ. మూడవ శతాబ్దంలో చెన్ జువో అనే ఆస్థాన ఖగోళజ్ఞుడు పాత పట్టికలను కలిపి 283 మండలాలు, 1,464 నక్షత్రాలు లెక్కకు తేల్చాడు. నేడు మనం వాడే మండలాలు 88 మాత్రమే.

చంద్రుని దారిని మనవాళ్ళు 27 నక్షత్రాలుగా విభజించారు, అభిజిత్తును కలిపితే 28. చైనీయులకూ 28 ఉన్నాయి. అయితే వారు ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క దేశ ప్రాంతానికి కేటాయించారు. ఆ భాగంలో గ్రహం నిలిచినా, తోకచుక్క కనబడినా, కీడు ఆ ప్రాంతానికని చెప్పేవారు. చక్రవర్తి 'ఆకాశపుత్రుడు'. తండ్రికి కోపం వస్తే సింహాసనం కదులుతుందని భయం. కాబట్టి రాత్రంతా ఆకాశాన్ని కాపలా కాయడానికి ఉద్యోగులుండేవారు. ఆకాశ పటాలను సొంతంగా ఇంట్లో దాచుకోవడం టాంగ్ వంశపు చట్టం ప్రకారం నేరం!

ఈ నమ్మకానికి ఒక మనిషి ప్రాణం బలి అయిన కథ వినండి. మనం జ్యేష్ఠ అనే ఎర్రని నక్షత్రం, దానికి అటూ ఇటూ ఉన్న రెండు చిన్న చుక్కలు చైనీయులకు 'హృదయ' మండలం. నడుమనున్నది రాజు, పక్కలనున్నవి రాజకుమారులు. కుజుడు కూడా ఎర్రనివాడే. అతడు వచ్చి 'హృదయం' దగ్గర ఆగితే రాజుకు మరణమని శాస్త్రం. గ్రహం ఆగడమేమిటని అడుగుతారేమో. మనమెక్కిన బస్సు ఎడ్లబండిని దాటేటప్పుడు బండి వెనక్కి పోతున్నట్లు తోస్తుంది చూడండి, అలాగే భూమి కుజుణ్ణి దాటే రోజుల్లో కుజుడు ఆగి వెనక్కి నడిచినట్లు కనిపిస్తాడు. ఇదే వక్రగతి. ఇందులో కోపమూ లేదు, శాపమూ లేదు.

క్రీ.పూ. 7వ సంవత్సరం వసంతంలో కుజుడు 'హృదయం' వద్ద నిలిచాడని ఆస్థానంలో గగ్గోలు పుట్టింది. కీడు రాజు మీదికి రాకుండా ఎవరైనా పెద్దవాడు దానిని తన మీద వేసుకోవాలట. చెంగ్ చక్రవర్తి తన ప్రధానమంత్రి జాయ్ ఫాంగ్‌జిన్‌కు తప్పులు ఎంచుతూ లేఖ పంపాడు. భావం గ్రహించిన ఆ మంత్రి ఆనాడే ఆత్మహత్య చేసుకున్నాడు. తీరా చూస్తే నెలన్నర తిరగకముందే చక్రవర్తి కూడా చనిపోయాడు.

అసలు విశేషం ఇక్కడుంది. గ్రహాల గమనం లెక్కకు లొంగుతుంది. రెండువేల ఏళ్ళ క్రితం ఫలానా రాత్రి కుజుడెక్కడున్నాడో నేడు కచ్చితంగా చెప్పవచ్చు. తైవాన్ చరిత్రకారుడు హువాంగ్ యీలాంగ్ అలా లెక్క వేయించి చూస్తే, ఆ వసంతంలో కుజుడు జ్యేష్ఠ దగ్గర ఆగనే లేదు! అది కల్పించి రాసినదని ఆయన నిర్ధారణ. గ్రహం చేయని నేరానికి మంత్రి శిక్ష అనుభవించాడు.

అయితే ఆ కాపలావాళ్ళ రాతలన్నీ కట్టుకథలనుకోకండి. క్రీ.శ. 1054 జూలైలో, ఇక్కడ రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్న రోజుల్లో, సోంగ్ వంశపు ఖగోళజ్ఞులు తెల్లవారుజామున తూర్పున ఒక కొత్త చుక్కను చూశారు. దానికి 'అతిథి నక్షత్రం' అని పేరు పెట్టారు. అది 23 రోజులపాటు పట్టపగలే శుక్రునిలా కనబడింది. 1056 ఏప్రిల్ నాటికి గాని పూర్తిగా మాయం కాలేదు. అతిథి పక్క మండలపు సరిహద్దు దాటలేదు గనుక దేశానికి శుభమేనని ఆస్థానంలో విన్నవించుకున్నారు. ఆ ఫలం సంగతి అలా ఉంచండి. స్థలం, తేదీ మాత్రం జాగ్రత్తగా రాసిపెట్టారు. మనకు కావలసినవి అవే.

సరిగ్గా ఆ చోట, వృషభరాశి కొమ్ము కొస దగ్గర, నేడు క్రాబ్ నెబ్యులా అనే వాయుమేఘం ఉంది. అది ఇంకా విస్తరిస్తూనే ఉంది. 1928లో ఎడ్విన్ హబుల్ ఆ వేగాన్ని బట్టి వెనక్కి లెక్క కట్టి, దాని వయస్సు సుమారు 900 ఏళ్ళని చెప్పాడు. చైనీయుల తేదీతో అది చక్కగా సరిపోయింది. వారు చూసినది పేలిపోతున్న నక్షత్రమన్నమాట. 1968లో ఆ మేఘం నడుమ, సెకనుకు సుమారు 30 సార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రం ఉందని తెలిసింది. శీతాకాలపు చీకటి రాత్రి చిన్న టెలిస్కోపు దొరికితే ఆ మేఘాన్ని మసక మచ్చలా మీరూ చూడవచ్చు.