నయమయ్యాక ఎక్కడికి?

మా ఊరి బస్టాండులో వేపచెట్టు కింద రెండేళ్ళపాటు ఒకామె వుండేది. పేరు ఎవరికీ తెలీదు. "పిచ్చిది" అనేవాళ్ళం, నేనూ అన్నాను. అమ్మ అప్పుడప్పుడు ఇంత అన్నం పెట్టేది. ఒకరోజు వ్యానులో ఎక్కించుకుపోయారు, ఆస్పత్రికట. నయమైతే ఎక్కడికి పోతుందని ఎవరమూ అడగలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

నిలువ నీడలేని స్త్రీకి వుండే చిక్కు ఒకటి కాదు. మనోవ్యాధి, రక్తహీనత, దూరమైన బిడ్డలు, రోడ్డుమీద పడ్డ దెబ్బలు, చేతిలో ఒక్క కాగితమైనా లేకపోవడం - అన్నీ పెనవేసుకుని వుంటాయి. మందొక్కటే ఇస్తే ఒక్క ముడే వూడుతుంది.

చెన్నైలో 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు "ది బన్యన్" సంస్థను ప్రారంభించి, వీధిపాలైన మనోవ్యాధిగ్రస్త స్త్రీలకు ఆశ్రయమూ చికిత్సా ఇచ్చారు. నయమైనవారిలో చాలామంది ఇళ్ళకు చేరారు. కొందరికి ఇల్లే లేదు; కొందరికి వున్నా తలుపు తీయలేదు. వాళ్ళు ఏళ్ళతరబడి అక్కడే వుండిపోయారు. అందుకని 2015లో "హోమ్ అగైన్" మొదలైంది. జనం మధ్య మామూలు ఇల్లు అద్దెకు తీసుకుంటారు. నలుగురైదుగురు కలిసి వుంటారు. వంటావార్పూ, బజారుపనీ, ఇరుగుపొరుగుతో మాటామంతీ అన్నీ వాళ్ళవే. ఎవరి అవసరాన్నిబట్టి వారికి తోడుగా సహాయకురాలు వుంటుంది.

రైతుబిడ్డను కనుక నాకు నాట్లు గుర్తొచ్చాయి. నాటిన నారు వేరు పట్టేదాకా మడిలో నీళ్ళు కనిపెట్టుకుని వుంటాం. అయితే ఉపమానం అక్కడితో సరి. కొందరికి ఈ తోడు జీవితాంతం కావాలి. అది ఓటమి అనుకోకూడదు. చత్వారం వచ్చినాయన్ని కళ్ళజోడు ఎప్పుడు తీసేస్తావని అడుగుతామా?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షను స్పష్టంగానే చెప్పింది: కుటుంబం లేదనో, రానివ్వలేదనో, ఇల్లు లేదనో మనిషిని ఆస్పత్రిలో వుంచెయ్యకూడదు. బాగుంది. కాని చట్టం ఇల్లు అద్దెకివ్వదు గదా, ఇంటివాళ్ళే ఇవ్వాలి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. తాతయ్య పెంకుటిల్లు నాలుగేళ్ళుగా తాళం వేసి వుంది. "ఇలాంటివాళ్ళొస్తే మనం ఇద్దామా నాన్నా?" అన్నాను. అద్దె ఎవరు కడతారన్నాడు. సంస్థ అన్నాను. రాత్రిపూట ఏదన్నా అయితే ఎవరొస్తారన్నాడు. సహాయకురాలు వుంటుందన్నాను. "వూళ్ళోవాళ్ళు ఏమంటార్రా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటికి తాళం ఇంకా అలానే వుంది.