పాలపంపుకు పైపులు బిగించేటప్పుడు

మహానంది కోనేటి నీటిని ఎవరూ తోడిపోయరు. నల్లమల పాదాన పుట్టిన ఊట తనంతట తానే కోనేరు నింపి, దిగువ వరిమళ్ళకు, అరటితోటలకు పారుతుంది. బల్క్ కూలరు ట్యాంకు నుండి పంపుకు పాలు రావలసిన తీరు కూడా ఇదే. ట్యాంకు అడుగుకంటె పంపు కిందుగా ఉండాలి. మన కేంద్రాలలో వాడే సెంట్రిఫ్యూగల్ పంపు తోయడంలో గట్టిదేగాని పీల్చడంలో బలహీనం. స్థలం చాలదని పంపును గట్టెక్కించే సంఘాలవారు ఈ సంగతి గమనించాలి.

పంపుకు ముందున్నది సక్షన్ లైను, తరువాతిది డెలివరీ లైను. డెలివరీ లైను బిగింపు వదులైతే పాలు నేలపాలవుతాయి, అందరూ చూస్తారు. సక్షన్ లైను వదులైతే, పంపు నడిచేటప్పుడు ఒక్క బొట్టు కారకపోవచ్చు. ఆ సందులోనుండి గాలి లోపలికి పోతుంది. గాలితో నురగ, నురగతో పాలలోని కొవ్వుకణాల పైపొర చిట్లడం జరుగుతాయి. పచ్చిపాలలో సహజంగా ఉండే లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వును విడగొట్టగా పాలకు చెడువాసన, చేదు పుడతాయి. కొంత కొవ్వు వెన్నగా మారి పైపుల గోడలకు అంటుకుంటుంది. సంఘంలో వచ్చిన వెన్నశాతం ట్యాంకరు దగ్గర తగ్గుతుంది. అప్పుడు అనుమానం పరీక్షచేసే కుర్రవాని మీదికో, నీళ్ళు కలిపారని సభ్యుల మీదికో పోతుందిగాని, రబ్బరు వాషరు వైపు ఎవరూ చూడరు!

కనుక సక్షన్ పైపు పొట్టిగా, తిన్నగా, పంపు నోటికంటె సన్నం కాకుండా ఉండాలి. గాలి నిలిచే మిట్టవంపు ఎక్కడా ఉండరాదు. పాల ఉరవడిని తగ్గించదలిస్తే డెలివరీ వాల్వుతోనే తగ్గించాలి. సక్షన్ వాల్వు పూర్తిగా తెరిచే ఉంచాలి. పైపుల బరువు పంపుమీద పడకుండా వేరే ఆనింపులు పెట్టాలి. రెండు కొసలూ చేతితో తెస్తేనే ఎదురెదురుగా కలవాలి. కలవని పైపును నట్టు బిగించి లాగితే పంపు ఒరిగి సీలు పోతుంది. వాషరు ఆహారపదార్థాలకు తగినదై, వేడినీ సోడానూ తట్టేదై ఉండాలి. సైకిలు ట్యూబు ముక్క పనికిరాదు. (ఇది నవ్వుకు వ్రాసినది కాదు.)

కాస్టిక్ సోడా వేడినీటితో లైను కడిగిన వెంటనే యూనియన్ విప్పరాదు. మెయిన్ స్విచ్ తీసి, ఫ్యూజు జేబులో వేసుకొని, వాల్వులు మూసి, లైనులో మిగిలినది వదిలి, చల్లారనిచ్చి, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు ధరించి విప్పాలి. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయాలేగాని సోడామీద నీరు పోయరాదు. కంటిలో పడితే కనీసం 20 నిమిషాలు ధారగా మంచినీటితో కడుగుతూ, వైద్యుని వద్దకు చేర్చే ఏర్పాటు చేయాలి.

బిగింపు ముగిశాక మొదట మంచినీటితోనే నడపాలి. ఉత్తగా తిప్పితే సీలు కాలుతుంది. పంపు పైని బాణం గుర్తుకు ఎదురు తిరిగితే, మూడు ఫేజులలో రెండింటిని ఎలక్ట్రీషియనుచేత మార్పించాలి. లోపల గులకరాళ్ళు పోసినట్లు మోగితే, సక్షన్ వైపు ఒక్కొక్క బిగింపుమీద చెంబుతో నీళ్ళు పోసి చూడండి. ఎక్కడ పోసినప్పుడు మోత తగ్గుతుందో అక్కడే వాషరు మార్చాలి.