నూరు ఫీల్డుల లెక్క

హోసూరు

చి. సుమతికి,

కృష్ణగిరి ల్యాబులో కళ్లె స్లైడు చూసి ‘నెగెటివ్’ అని రాయబోతే చెయ్యి ఆగుతోందన్నావు. ఆగనీ, మంచిదే. ఎందుకు ఆగాలో లెక్క కట్టి చూపిస్తాను.

స్లైడు మీద పూసేది మిల్లీలీటరులో నూరో వంతు. మిల్లీలీటరు కళ్లెలో 10,000 క్షయ క్రిములుంటే, స్లైడు మీదికి చేరేవి 100. నూనె లెన్సు కింద ఆ పూతలో ఇంచుమించు 10,000 ఫీల్డులు (ఒక్కో చూపుకు కనిపించే మేరలు) ఉంటాయి. అంటే సగటున 100 ఫీల్డులకు ఒక్క క్రిమి. నువ్వు చూసేదీ ఆ 100 ఫీల్డులే! మిల్లీలీటరుకు 5,000 కంటే తక్కువుంటే ఎంత చురుకైన కళ్ళకైనా చిక్కడం కష్టం. అందుకే యాభై ఫీల్డుల దగ్గర లేచిపోకు. 100 ఫీల్డుల్లో 1 నుంచి 9 దాకా కనిపిస్తే ‘స్కాంటీ’ అని రాసి, పక్కనే ఆ అంకె కూడా వెయ్యి.

చిన్నపిల్లల్లో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో, వెన్నునీటిలో క్రిములు మామూలుగానే కొద్ది. అక్కడ మైక్రోస్కోపును నమ్ముకోకూడదు. కల్చర్‌కు మిల్లీలీటరుకు 10 నుంచి 100 ఉన్నా చాలు, కాని అవి బతికుండాలి. వేరే సూక్ష్మజీవులను చంపడానికి కలిపే క్షారం మన క్రిములనూ కొన్నింటిని చంపుతుంది, గడియారం చూసుకుంటూ పని చెయ్యి. ద్రవ కల్చర్‌లో నెగెటివ్ అనడానికి 42 రోజులు ఆగాలి.

అంత ఆగలేకే జన్యు పరీక్షలొచ్చాయి. మన పక్కనున్న బెంగళూరులో రూపుదిద్దుకున్న ట్రూనాట్ బ్యాటరీతోనూ నడుస్తుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. ఎక్స్‌పర్ట్ అల్ట్రా అయితే మిల్లీలీటరుకు 16 క్రిములున్నా పట్టగలదు. ఒక్కో క్రిమిలో పలుమార్లు ఉండే జన్యు ముక్కలను వెతకడమే దాని కిటుకు. వాటిలో ఐఎస్6110 అనే ముక్క దక్షిణాది క్రిములు చాలావాటిలో ఒక్కటే ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. చెన్నై పరిశోధకులు 1990లలోనే గమనించిన సంగతిది. అల్ట్రా ఐఎస్1081ను కూడా వెతుకుతుంది కాబట్టి మనకు బెంగ లేదు. అల్ట్రాలో ‘ట్రేస్’ (లేశమాత్రం) అని వస్తే మాత్రం, రోగి ఇదివరకు క్షయకు మందులు వాడాడేమో అడుగు. చచ్చిన క్రిముల డీఎన్‌ఏ కూడా అలా తేలుతుంది.

యంత్రాల గొప్ప ఎంత చెప్పినా, డబ్బాలో ఉమ్మి పడితే అంతా దండగ. శూలగిరి, వేపనపల్లి వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళకు తమిళంలో రెండు ముక్కలు చెప్పి పంపెయ్యకు. పొద్దున్నే నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, లోపలినుంచి దగ్గి తియ్యమని మన మాటల్లో చెప్పు, చేసి చూపించు. రెండు మిల్లీలీటర్లకు తగ్గితే మళ్ళీ అడుగు, మొహమాటపడకు.

నెగెటివ్ వచ్చినా దగ్గు తగ్గనివాళ్ళ పేర్లు ఆ రోజే డాక్టరుగారి చెవిన వెయ్యి. వాళ్ళను మాత్రం రెండో డబ్బా ఇవ్వకుండా ఇంటికి పంపకు.

మీ పెదనాన్న