సాంచాల పక్కనే జపాన్

డోరేమాన్, షిన్‌చాన్ చూస్తూ పెరిగే పిల్లలు జపాన్ గురించి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. జపాన్ వాళ్లు గుమ్మంలోనే చెప్పులెందుకు విడుస్తారు, నేల మీద కూర్చుని ఎందుకు తింటారు అని. "మనమూ అంతేగా" అంటే సగం జవాబు అయిపోతుంది. మిగతా సగం కోసం పిల్లను టీవీ ముందు నుంచి లేపి బయటికి తీసుకెళ్లాలి. సూరత్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇదేమీ కష్టం కాదు, సుషీ హోటళ్లు వెతుక్కోనక్కర్లేదు.

లింబాయత్, ఉధనా వైపు ఉండే మన పద్మశాలి కుటుంబాలకైతే మొదటి పాఠం నాన్న పనిచేసే చోటే ఉంది. సేఠ్‌ని అడిగి, పిల్ల చెవుల్లో దూది పెట్టి, ఓ పది నిమిషాలు కార్ఖానాకు తీసుకెళ్లండి. సాంచాలకు, అంటే మరమగ్గాలకు, దూరంగానే నిలబెట్టండి. పోగు తెగితే మనిషి చూసి ఆపాల్సిన పాత సాంచానీ, తనంతట తానే ఆగిపోయే కొత్త మగ్గాన్నీ చూపించండి. తర్వాత బయట చాయ్ తాగుతూ సకిచి టొయోడా కథ చెప్పండి. ఆయన వడ్రంగి కొడుకు. ఇంట్లో తల్లి మగ్గం మీద పడే కష్టం చూస్తూ పెరిగాడు. 1924లో ఆయన తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగగానే ఆగిపోయేది. తప్పు దొర్లిన చోటే పని ఆపి, సరిచేసి, అప్పుడు ముందుకు సాగాలన్న పద్ధతి జపాన్ ఫ్యాక్టరీలకు అలా అలవాటైంది. ఆ మగ్గాల కంపెనీలోంచే 1937లో టొయోటా కార్ల కంపెనీ పుట్టింది. రోడ్డు మీద వెళ్లే ఇన్నోవాకు తాత మగ్గమేనని తెలిస్తే నేతగాడి పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో చూడండి. నాన్న పని పేరు బళ్లో చెప్పడానికి సిగ్గుపడే పిల్లలు మన బస్తీల్లో ఉన్నారు. వాళ్లకు ఈ కథ ఇంకా అవసరం.

బులెట్ రైలు సంగతి పిల్లలు వాళ్లే అడుగుతారు. ముంబై–అహ్మదాబాద్ మధ్య 508 కిలోమీటర్ల ఆ మార్గానికి 2017 సెప్టెంబర్ 14న మోదీ, జపాన్ ప్రధాని షింజో అబే కలిసి శంకుస్థాపన చేశారు. సూరత్ స్టేషన్ అంత్రోలీ దగ్గర. అటు వెళ్లినప్పుడు స్తంభాలు చూపించి ఊరుకోకండి, ఇంకో రోజు గవియర్ చెరువుకు కూడా తీసుకెళ్లండి. అక్కడ లకుముకి పిట్ట చేప కోసం దూకుతుంటే నీళ్లు పెద్దగా చిందవు. జపాన్ రైళ్లు సొరంగంలోంచి బయటపడేటప్పుడు పిడుగు పడ్డట్టు మోగేవి. ఎయిజీ నకాత్సు అనే ఇంజనీరుకు పిట్టలను చూడటం ఇష్టం. ఆ మోత తగ్గించడానికి లకుముకి ముక్కు చూసే ఆయన 1997లో పట్టాలెక్కిన 500 సిరీస్ రైలుకు అంత పొడుగు ముక్కు పెట్టించారు. మనం రోజూ చూసే పిట్టే!

డుమస్ బీచ్‌కు వెళ్లే రోజు టిఫిన్ డబ్బాను టెక్స్‌టైల్ మార్కెట్లో దొరికే చదరపు గుడ్డముక్కలో మూట కట్టమనండి. జపాన్‌లో దాన్ని ఫురోషికి అంటారు. మన సద్దిమూటే. తెత్సుకో కురొయనాగి రాసిన 'రైలుబడి' ఇంట్లో ఉంటే, అందులో హెడ్‌మాస్టరు చెప్పినట్టు డబ్బాలో కడలి నుంచి ఒకటి, కొండ నుంచి ఒకటి ఉండేలా పిల్లనే సర్దమనండి. తిన్నాక చెత్త మళ్లీ మూటలోనే ఇంటికి రావాలి. జపాన్ వీధుల్లో చెత్తబుట్టలు తక్కువ, ఎవరి చెత్త వాళ్లే ఇంటికి తీసుకెళ్తారు.

ఒక్క మాట మాత్రం అనకండి: "వాళ్లను చూడు, నిన్ను చూసుకో." జపాన్ పిల్లలు తమ తరగతి గదులు తామే ఊడ్చుకుంటారన్నది నిజమే. కానీ ఆ మాటతో దెప్పితే పిల్లకు జపాన్ మీదే విసుగొస్తుంది. పైగా ఆ పోలిక న్యాయం కాదు. 1994లో ప్లేగు భయంతో జనం మూటాముల్లె సర్దుకుని పారిపోయిన ఊరు మన సూరత్. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో వీధులు శుభ్రపడ్డాయి. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్‌కు మొదటి స్థానం దక్కింది. శుభ్రత నేర్చుకుంటే వచ్చేదేనని పిల్లకు ఈ ఊరినే చూపించి చెప్పొచ్చు.

ఇవన్నీ ఒక్క ఆదివారంలో ముగించాలని బయల్దేరకండి. సెలవుకొకటి చాలు. గవియర్‌కైతే పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కాక పిట్టలు అంతగా కనబడవు.