దూరపాఠము పొలమునకు చేరు విధము

సహకారోద్యమమునకు విద్య ప్రాణము వంటిది. 1844 సంవత్సరమున ఇంగ్లండు దేశములోని రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగువారు స్థాపించిన సంఘము, తరువాతి కాలమున తన మిగులులో నూటికి రెండున్నర వంతు సభ్యుల విద్యకై వేరుగా తీసియుంచెడిది. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య ప్రకటించిన ఏడు సూత్రములలో ఐదవది విద్య, శిక్షణ, సమాచారములను గూర్చినదే.

ఇప్పుడు ఆ విద్య సెల్‌ఫోను ద్వారా గ్రామమునకు వచ్చుచున్నది. విత్తనము, ఎరువు, నీటి యాజమాన్యము, పశుపోషణ, సంఘపు లెక్కలు మొదలగు విషయములపై లాభాపేక్ష లేని సంస్థలు ఇంటర్నెట్టున పాఠములు పంపుచున్నవి. బస్సు ఖర్చు లేదు, పని చెడదు. అయినను పాఠము వినినవారందరును నేర్చినవారు కారు. నేర్చినవారందరును చేసినవారు కారు. ఈ రెండు లోటులను పూడ్చుటకు ఒక విద్య కలదు. దానిని బోధనా రూపకల్పన యందురు. పాఠములు చెప్పు సంస్థల పనివారు ఈ విద్యలో శిక్షణ పొందిన పిమ్మట వారి పాఠములు ఎట్లు మారునో, ఆ మార్పు రైతున కెట్లు ఉపయోగించునో ఈ వ్యాసమున వివరించెదము.

శిక్షణ యేల?

మంచి సేద్యగాడైన ప్రతివాడును మంచి బోధకుడు కాజాలడు. ఏండ్ల తరబడి కొండ్ర వేసినవానిని ఆ పని యెట్లు చేయవలెనో మాటలతో చెప్పుమన్నచో తడుముకొనును. చేయి యెరిగినదానిని నోరు మరచియుండును. వ్యవసాయ శాస్త్రజ్ఞునికిని ఇదే చిక్కు. తనకు సులభమైన మెట్లను చెప్పక విడుచును. తనకు ప్రియమైన సంగతులను విస్తరించును. వినువాడు మాత్రము ఆ విడిచిన మెట్టువద్దనే ఆగిపోవును. కావున విషయము నెరుగుట వేరు, పాఠము కట్టుట వేరు అని గ్రహించుటయే ఈ శిక్షణలో మొదటి మెట్టు.

అయిదు పనులు

1975లో అమెరికాలోని ఫ్లారిడా స్టేటు విశ్వవిద్యాలయమువారు ఆ దేశపు సైన్యముకొరకు ఒక పద్ధతిని సిద్ధపరచిరి. అందలి పనులు అయిదు: పరిశీలన, రూపకల్పన, నిర్మాణము, ప్రయోగము, పరీక్ష. నేర్చుకొనువా రెవరు, వారి కిదివరకే తెలిసినదేమి, వారి యిబ్బంది యేమి అని విచారించుట పరిశీలన. ఏ క్రమమున ఏమి చెప్పవలెనో నిర్ణయించుట రూపకల్పన. పాఠమును తయారుచేయుట నిర్మాణము. దానిని నేర్చువారి ముందుంచుట ప్రయోగము. ఫలించినదా లేదా అని చూచి సవరించుట పరీక్ష. శిక్షణ లేనివారు సాధారణముగా మూడవ పనితోనే ప్రారంభింతురు. దుక్కి దున్నకయే విత్తనము చల్లిన దానివంటి దీ పని.

ఒక దృష్టాంతము

వేరుసెనగ విత్తనపు మొలకశాతమును గూర్చి ఒక పాఠము కట్టవలసియున్న దనుకొందము. పూర్వపు రీతి పాఠము నలువది నిమిషములుండును. పంట చరిత్ర, గింజ నిర్మాణము, విత్తన చట్టము మొదలగునవి వరుసగా వచ్చి, అసలు పని చివరి అయిదు నిమిషములలో కానవచ్చును. అంతవరకు విను నోపిక యెందరికుండును?

రూపకల్పన నేర్చినవారు ముందుగా లక్ష్యమును వ్రాసికొందురు. రాబర్టు మేగరు అను విద్యావేత్త 1962లో లక్ష్యమునకు మూడు అంగములు చెప్పెను: నేర్చినవాడు ఏమి చేయగలడు, ఏ పరిస్థితులలో చేయగలడు, ఎంతవరకు చేసిన చాలును. ఆ ప్రకారము మన లక్ష్య మిట్లుండును: “రైతు తన యింట, తడియిసుక నింపిన పళ్లెములో నూరు గింజలు నాటి, పదవ దినమున మంచి మొలకలను లెక్కించి, ఆ విత్తనమును విత్తవచ్చునో లేదో తానే నిర్ణయింపగలడు.” ‘విత్తనమును గూర్చి అవగాహన కలుగును’ అని వ్రాసినచో అది లక్ష్యము కాదు, ఏలయన అవగాహన కలిగినదో లేదో కంటికి కనబడదు.

లక్ష్యము స్థిరపడినంతనే అనవసర విషయములు తమంతట తొలగును. మిగిలినవి నాలుగు మెట్లు మాత్రమే. అన్ని సంచులనుండియు గింజలు తీయవలెను. మంచివి మాత్రమే యేరి తీసినచో లెక్క తప్పును. ఇసుక తడి ఆరకుండ చూడవలెను. పదవ దినమున లెక్కింపవలెను. ధ్రువీకరించిన వేరుసెనగ విత్తనమునకు నూటికి 70 తగ్గరాదను ప్రమాణముతో పోల్చవలెను.

పిమ్మట పాఠము ఒక ప్రశ్న వేయును: “మీ నూరు గింజలలో 58 మొలచినవి. మీరేమి చేయుదురు?” విత్తనము మోతాదు పెంచి విత్తెదమని యొకరు చెప్పవచ్చును. మంచి పాఠము ‘తప్పు’ అని యూరకుండదు. మొలకశాతము తగ్గిన విత్తనములో మొలచిన మొక్కలును బలహీనముగా నుండుట కలదనియు, వేరుసెనగకు విత్తనమే పెద్ద ఖర్చు గనుక మోతాదు పెంచుట నష్టమునకు నష్టము చేర్చుటయే యనియు, వేరు విత్తనము సంపాదించుట మేలనియు కారణములతో చెప్పును. తప్పు జవాబునుండి నేర్పుటయే ప్రశ్న వేయుటలోని ప్రయోజనము. పళ్లెములో చేసిన తప్పు నూరు గింజలతో పోవును. పొలములో చేసిన తప్పు ఒక కారు పంటతో పోవును.

జ్ఞాపకమును గూర్చి

ఒకమారు వినినది త్వరలోనే జారిపోవునని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌసు తనపై తానే పరీక్షలు చేసికొని 1885లో ప్రకటించెను. 2006లో రోడిగరు, కార్పికి అను అమెరికా పరిశోధకులు మరియొక సంగతి చూపిరి. ఒక పాఠమును మరల మరల చదివినవారు అయిదు నిమిషముల తరువాత ఎక్కువ చెప్పగలిగిరి. పుస్తకము మూసి జ్ఞాపకమునుండి వ్రాసినవారు ఒక వారము తరువాత ఎక్కువ చెప్పగలిగిరి. కావున మంచి పాఠము మధ్యమధ్య ఆగి అడుగును. కొన్ని దినముల పిమ్మట మరల అడుగును.

పాఠపు నిడివియు ముఖ్యమే. 2014లో ఎడెక్సు అను ఇంటర్నెట్టు విద్యాసంస్థ పాఠములను పరిశోధించినవారు, వీడియో ఆరు నిమిషములు మించినచో చూచువారి శ్రద్ధ తగ్గుచున్నదని కనుగొనిరి. కావున ఒక్కొక్క చిన్న వీడియోలో ఒక్కొక్క పనినే చెప్పుట యుక్తము.

మన దేశపు అనుభవము

2006లో బెంగుళూరులోని మైక్రోసాఫ్టు పరిశోధనాలయమున ‘డిజిటల్ గ్రీన్’ అను ప్రయత్న మారంభమై, 2008లో లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థ యయ్యెను. వారు కర్ణాటక గ్రామములలో స్థానిక రైతులచేతనే పనులు చేయించి వీడియోలు తీసి, తోటి రైతులకు చూపిరి. 16 గ్రామములలో, 1,470 కుటుంబములతో, 13 నెలలు జరిగిన పరీక్షలో, వాడుకలోనున్న విస్తరణ పద్ధతితో పోల్చగా కొన్ని సేద్యపు పద్ధతులను అవలంబించినవారు ఏడు రెట్లైరి.

ఇందు గమనింపవలసినది యంత్రము కాదు. వీడియో చూపునపుడు ఆ గ్రామమువాడే యొకడు ప్రక్కనుండి, నడుమ ఆపి, ప్రశ్నించి, సందేహములు తీర్చి, ఎవరేమి చేసిరో వ్రాసికొనెడివాడు. తెరపై కనబడువాడు తమవంటి రైతే యని చూచువారికి నమ్మకము కలిగెను. దూరపాఠమునకును దగ్గరి మనిషి కావలయునని దీనివలన తెలియుచున్నది. ఆ దగ్గరి మనిషిని సమకూర్చుటకు సహకార సంఘమునకంటె తగిన సంస్థ గ్రామమున మరియొకటి లేదు.

ఫలితమును కొలుచుట

డోనాల్డు కిర్క్‌పాట్రికు అను ఆచార్యుడు 1959లో శిక్షణ ఫలితమును నాలుగు మెట్లలో కొలువవచ్చునని వ్రాసెను: వినినవారికి నచ్చినదా, వారు నేర్చిరా, నేర్చినదానిని చేసిరా, చేసినందువలన మేలు కలిగినదా. పెక్కు సంస్థలు మొదటి మెట్టువద్దనే నిలిచి, ఇంతమంది చూచిరి, ఇంతమంది మెచ్చిరి అని నివేదికలు వ్రాయుదురు. మనకు కావలసినవి మూడవది, నాలుగవది. ఇవి పొలముననే తెలియును గాని యంత్రమున తెలియవు. కావున వీని లెక్క సంఘమే యుంచవలెను.

సంఘము చేయదగిన పని

ఏ సంస్థయైనను పాఠములు తెచ్చినపుడు పాలకవర్గమువారు ఈ ప్రశ్నలు అడుగుట మంచిది.

1. పాఠము ముగిసిన పిమ్మట మా సభ్యుడు ఏ పని చేయగలడు?
2. పాఠము కట్టుటకు ముందు ఏ రైతులను విచారించితిరి? అందు స్త్రీలు, కౌలుదారులు ఉన్నారా?
3. చదువరాని సభ్యుడు దీనినుండి నేర్చుకొనగలడా?
4. పాఠములో అభ్యాసము, తప్పు దిద్దుటయు కలవా?
5. కారు చివర మేము తెలుపు లోపములనుబట్టి పాఠమును సవరింతురా?

అయిదవ ప్రశ్నకు ‘అవును’ అను సమాధానము వచ్చిన సంస్థతోనే కలసి పనిచేయుట క్షేమము. సభ్యుల కాలమును ధనమే. సంఘపు విద్యానిధి యెంత జాగ్రత్తగా వ్యయపరచవలెనో, సభ్యుని సాయంకాలపు గడియను అంత జాగ్రత్తగా వ్యయపరచవలెను.

అభ్యాసము: పై వ్యాసమును మూసి, మీ సంఘమున బోధింపదలచిన ఒక పనికి మూడు అంగములుగల లక్ష్యమును ఒక్క వాక్యములో వ్రాయుడు. దానిని రాబోవు సమావేశమున చదివి, తోటి సభ్యులచేత దిద్దించుకొనుడు.