ఇంటిపేరు అరుదైతే మూలం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా ఇంటిపేరు కాకర్ల. మా చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. ఇది ఎలా వచ్చి ఉంటుంది? త్యాగరాజస్వామికి మేము బంధువులమా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊళ్లే మూలం. కంభం ప్రాంతంలో కాకర్ల అనే ఊరుంది. త్యాగరాజస్వామి పూర్వీకులు అక్కడివారే. తమిళనేలకు వలస వెళ్లినా ఊరిపేరును వదల్లేదు. ఆయన 1767లో తిరువారూరులో పుట్టినా కాకర్లవారే.

సొంత ఊళ్లో అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి ఆ పేరుతో ఎవరినీ గుర్తుపట్టాల్సిన పని లేదు. ఊరు దాటినవాళ్లనే కొత్తచోట ‘ఫలానా ఊరివాళ్లు’ అంటారు. వలస వెళ్లినవి ఒకటి రెండు కుటుంబాలే అయితే, అక్కడ ఆ ఇంటిపేరు అరుదుగానే కనిపిస్తుంది. కందుకూరు నుంచి వచ్చినవారు కందుకూరివారైనట్టు, కొన్నిసార్లు ఊరిపేరు చివర కాస్త మారుతుంది కూడా.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన బంధుత్వం తేలదు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవాళ్లు, వేర్వేరు కాలాల్లో బయల్దేరి ఉండవచ్చు. బంధుత్వం తెలుసుకోవాలంటే గోత్రం, ఇలవేల్పు, పెళ్లి సంబంధాలు కలుపుకున్న ఊళ్లు రాసుకోండి. పాత దస్తావేజులు, శుభలేఖలు వెతకండి. కాశీ, గయ వెళ్లిన పెద్దలుంటే అక్కడి పండాల (తీర్థపురోహితుల) బహీల్లో, అంటే యాత్రికుల వంశవివరాలు రాసే పుస్తకాల్లో, తరాల పేర్లు దొరకవచ్చు. అన్నిటికంటే ముందు మీ ఇంట్లోని పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. ఈ పని వాయిదా వేయకండి.